భయం స్కోరు తగ్గింది, మనిషి గది దాటడం లేదు: సోషల్ యాంగ్జయిటీకి కాగ్నిటివ్ థెరపీ చేయించాలా?

అమ్మా, మీ ప్రశ్నను కుదించి చెబితే ఇది. కావలిలో ఉండే మీ తమ్ముడికి 24 ఏళ్ళు. బీటెక్ అయి రెండేళ్ళయింది. సోషల్ యాంగ్జయిటీ, అంటే నలుగురిలోకి వెళ్ళాలంటేనే విపరీతమైన భయం, అని చెప్పి డాక్టరు ఎస్సిటలోప్రామ్ అనే మందు మొదలుపెట్టారు, ఆరుసార్లు కౌన్సెలింగ్ కూడా అయింది. ఈ భయాన్ని కొలిచే లీబోవిట్జ్ స్కోరు 78 నుంచి 49కి దిగింది. అయినా పెళ్ళిళ్ళకు రాడు, తెలియని నంబరైతే ఫోన్ ఎత్తడు, ఇంటర్వ్యూ అంటే ముందురోజే కడుపునొప్పి. ఇప్పుడు కాగ్నిటివ్ థెరపీ, అంటే ఆలోచన తీరునూ అలవాట్లనూ మార్చే చికిత్స, చేయించమన్నారు. దానివల్ల భయం ఇంకాస్త తగ్గడమేనా, బతుకు కూడా మారుతుందా, 14 వారాలు నెల్లూరు తిప్పడం దండగ కాదు కదా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మారుతుంది. అయితే భయం ఒక్కదాన్నే గురిపెట్టే థెరపీతో మారదు. మీవాడు ఇన్నేళ్ళూ వదిలేసుకున్న పనులున్నాయే, ఆ ఫోన్లు, ఇంటర్వ్యూలు, బంతి భోజనాలు, స్నేహితులు, వాటిని మొదటి వారమే కాగితం మీద పెట్టి, థెరపీ జరుగుతుండగానే ఒక్కొక్కటీ చేయించాలి. అలా చేయించే పద్ధతికి 14 వారాలు ఎక్కువేం కాదు. కూర్చోబెట్టి ధైర్యం చెప్పి పంపించే పద్ధతైతే 40 వారాలైనా ఇంతే.

ముందు ఆ 49 సంగతి చూద్దాం. లీబోవిట్జ్ స్కేలులో 24 సందర్భాలుంటాయి: నలుగురిలో ఫోన్ మాట్లాడటం, ఒకరు చూస్తుండగా రాయడం, కొన్న వస్తువు షాపులో తిరిగి ఇవ్వడం, ఇట్లాంటివి. ఒక్కో దానికి రెండు మార్కులు వేస్తారు. భయం ఎంత అనేదానికి 0 నుంచి 3, తప్పించుకోవడం ఎంత అనేదానికి 0 నుంచి 3. మొత్తం 144. మీవాడి కాగితం తీసుకుని ఆ రెండు వరసలూ విడివిడిగా కూడి చూడండి. భయం వరస దిగి, తప్పించుకునే వరస ఉన్నచోటే ఉంటే మీరు చెప్పిన పరిస్థితికి కారణం అక్కడే దొరికినట్టు. ఇంకో మెలిక కూడా ఉంది. వారమంతా గదిలోనే ఉన్నవాడికి భయపడే సందర్భమే రాదు కదా, "ఈ వారం పెద్దగా భయం లేదు" అని నిజాయితీగానే రాస్తాడు. చెరువులో దిగనివాడు మునగడు. అంతమాత్రాన ఈత వచ్చినట్టు కాదు.

మొహమాటమా, జబ్బా? మన వైపు ఈ రెంటినీ కలిపేస్తారు. "మా పిలకాయ సిగ్గరి" అని పదో తరగతి నుంచి పాతికేళ్ళ దాకా లాక్కొస్తారు. మొహమాటస్తుడు పెళ్ళికి వస్తాడు, ఒక మూల కూర్చుంటాడు, ఎవరైనా పలకరిస్తే పది నిమిషాల్లో కుదుటపడతాడు. జబ్బుగా లెక్కించాలంటే నలుగురి కళ్ళూ తన మీద పడతాయనే భయం ఆరు నెలలకు పైగా ఉండాలి, అసలు ప్రమాదానికి ఏమాత్రం పొంతన లేనంతగా ఉండాలి, దానివల్ల చదువో ఉద్యోగమో సంబంధాలో దెబ్బతినాలి. మీరు రాసినదాంట్లో మూడూ ఉన్నాయి. నత్తి ఉందా, దిగులు జబ్బు తోడైందా, ఫంక్షన్లకు వెళ్ళేముందు రెండు పెగ్గులు వేసుకునే అలవాటుందా అన్నవి మాత్రం విడిగా అడిగి తెలుసుకోవాలి. దిగులు బాగా ముదిరి పక్క మీద నుంచి లేవలేకపోతుంటే ముందు దానికి వైద్యం చేస్తారు, తర్వాతే దీని పని. చచ్చిపోవాలన్న మాట ఎప్పుడైనా నోటి నుంచి వస్తే ఈ సమాధానం చదవడం ఆపి అదేరోజు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఈ భయం ఏళ్ళ తరబడి ఎందుకు తగ్గకుండా ఉంటుందో తెలిస్తే థెరపీలో ఏం చేస్తారో అర్థమవుతుంది. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో దీనికొక నమూనా గీశారు. ఇప్పటికీ గట్టిగా పనిచేసే కాగ్నిటివ్ థెరపీ దాని మీదే నడుస్తోంది. పెళ్ళి భోజనాల్లో పెట్టి చెబుతాను.

కుర్రాడి చేతికి సాంబారు బకెట్ ఇచ్చారనుకోండి. మొదట ఒక ఆలోచన: చేయి వణుకుతుంది, అందరూ చూస్తారు, వీడికేదో జబ్బుందనుకుంటారు. ఆ ఆలోచన రాగానే చూపు ఎదుటి విస్తరి మీద నుంచి తన చేతి మీదికి తిరుగుతుంది. వణకకూడదని గరిటెను బిగించి పట్టుకుంటాడు, మోచేతిని పక్కకు అదిమిపెడతాడు. కండరం ఎంత బిగిస్తే వణుకు అంత పెరుగుతుంది, అది శరీర ధర్మం. ధ్యాసంతా చేతి మీద ఉంది కనుక కూర్చున్నాయన "చాలు" అన్నమాట చెవిన పడదు. ఇంకో గరిటె పోస్తాడు, సాంబారు విస్తరి దాటి బల్ల మీదికి పారుతుంది. "ఏందబ్బయ్యా, చూసి పొయ్యి" అంటాడాయన. అంటే వాడు భయపడింది జరిగింది. జరిగింది చేతి వణుకు వల్ల కాదు, వణుకును దాచడానికి వాడు చేసిన జాగ్రత్త వల్ల. ఆ ముక్క వాడికి తెలియదు. "చూశావా, నేను అనుకున్నట్టే అయింది" అని ఇంటికొచ్చి రాత్రి రెండింటి దాకా దాన్నే తిప్పితిప్పి చూసుకుంటాడు. మర్నాటి పెళ్ళికి రాడు.

ఇందులో నాలుగు మరలున్నాయి. ధ్యాస లోపలికి తిరగడం. లోపల కలిగే దడనూ వేడినీ బట్టి "నేను బయటికి ఇట్టా కనిపిస్తున్నాను" అని ఒక బొమ్మ కట్టేసుకోవడం. పరువు కాపాడుకునే చిన్నచిన్న ఎత్తులు, ఇంగ్లీషులో సేఫ్టీ బిహేవియర్లు అంటారు, నేను దొంగ జాగ్రత్తలు అంటాను. నాలుగోది ముందు రోజంతా తలచుకుని కుమిలిపోవడం, తర్వాత పోస్టుమార్టం చేయడం. మందులు దడను తగ్గిస్తాయి. ఈ నాలుగు మరల్నీ విప్పేది థెరపీ.

దొంగ జాగ్రత్తల జాబితా మీరే రాయొచ్చు. ఎప్పుడూ ఫోన్ చూస్తున్నట్టు నటించడం, చెమట కనిపించకూడదని ఎండాకాలంలోనూ నల్ల చొక్కా, వాక్యం నోట్లో మూడుసార్లు తిప్పుకుని అప్పుడు అనడం, బంధువులొస్తే నీళ్ళు తెచ్చే నెపంతో వంటింట్లోకి జారుకోవడం, ప్రశ్న మీద ప్రశ్న వేసి తన సంగతి రానీయకుండా చూసుకోవడం, కళ్ళు కలపకపోవడం. ఇవన్నీ పైకి మామూలు అలవాట్లలాగే ఉంటాయి. ఏది అలవాటు, ఏది దొంగ జాగ్రత్త అని తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు: "భయం బొత్తిగా లేని రోజున కూడా ఇది చేస్తావా?" ఇంటర్వ్యూకి సబ్జెక్టు చదువుకోవడం భయం లేనివాడూ చేస్తాడు. "నీ గురించి చెప్పు" అనే ప్రశ్నకు జవాబు అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టడం భయస్తుడే చేస్తాడు. బట్టీ పట్టినవాడు ఒక పదం తప్పగానే ఆగిపోతాడు, మిగతాదంతా కూలిపోతుంది.

ఇక థెరపీలో ఏం జరుగుతుందో వరసగా చెబుతాను.

మొదటి రెండు సిట్టింగుల్లో ఈమధ్య జరిగిన ఒకే ఒక సందర్భాన్ని తీసుకుని పై బొమ్మను మీవాడి మాటల్తోనే కాగితం మీద గీస్తారు. పది సందర్భాలు కలిపి చెబితే ఏదీ తేలదు, ఒక్కటే కావాలి. తర్వాత ఒక చిన్న ప్రయోగం. తెలియని మనిషితో ఐదు నిమిషాల మాట, రెండుసార్లు. మొదటిసారి వాడు తన జాగ్రత్తలన్నీ చేస్తూ, తననే గమనించుకుంటూ మాట్లాడాలి. రెండోసారి జాగ్రత్తలన్నీ వదిలి, ధ్యాసను ఎదుటి మనిషి మాటల మీద ఉంచి మాట్లాడాలి. ప్రతిసారీ మూడు అంకెలు వేయాలి, 0 నుంచి 100 వరకు: ఎంత భయం వేసింది, బయటికి ఎంత భయంగా కనిపించాననుకుంటున్నాను, ఎంత బాగా మాట్లాడాననుకుంటున్నాను. జాగ్రత్తలు వదిలితే కొంప మునుగుతుందనుకున్నవాడికి చాలాసార్లు రెండోసారే భయం తక్కువగా నమోదవుతుంది. మనం చెబితే నమ్మని విషయం తన చేత్తో వేసుకున్న అంకెలు చెబితే నమ్ముతాడు.

ఆ రెండు సంభాషణలనూ వీడియో తీస్తారు. వీడియోను ఊరికే చూపించేస్తే చెడుతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. వాడు తెర మీద తనను చూసుకుంటూ ఆనాటి దడనంతా మళ్ళీ లోపల తెచ్చుకుంటాడు, చూసేది వీడియోను కాదు, తన మనసులోని బొమ్మను. అందుకే ముందు కళ్ళు మూసుకుని తను ఎలా కనిపించి ఉంటాడో వివరంగా చెప్పించాలి. "చేయి వణికింది" అంటే చాలదు, ఎంత వణికిందో కెమెరా ముందే చేసి చూపించమనాలి. వాడు చేతిని గాల్లో అటూ ఇటూ జానెడు మేర ఊపి చూపిస్తాడు. దాన్నీ రికార్డు చేస్తారు. మాట మధ్యలో ఎన్ని సెకన్లు ఆగిపోయానని అనుకుంటున్నాడో అది కూడా అంకెలో చెప్పించాలి. ఆ తర్వాత, టీవీలో ముక్కూముఖం తెలియని మనిషిని చూస్తున్నట్టు, లోపల ఏమనిపించిందో పక్కనపెట్టి, కంటికి కనిపించేదీ చెవికి వినిపించేదీ మాత్రం తీసుకుంటూ అసలు వీడియో చూడాలి. వాడు చూపించిన జానెడు ఊపునూ, వీడియోలో కనీకనపడని కదలికనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. అర నిమిషం ఆగానన్నది గడియారం పెట్టి చూస్తే రెండు సెకన్లు ఉంటుంది.

ధ్యాసను బయటికి తిప్పడం ఆ తర్వాతి పని. రోజూ సాధన చేయాలి, భయంలేని చోట మొదలుపెట్టాలి. టీ కొట్టు మంచి చోటు. మూడు నిమిషాలు కొట్టులో శబ్దాలు వినాలి: గ్లాసులు కడిగే చప్పుడు, స్టవ్ హోరు, రోడ్డు మీద ఆటో. తర్వాత మూడు నిమిషాలు రంగులు. తర్వాత పక్కన ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ళు చెప్పే విషయం. ఏ నిమిషంలో ధ్యాస ఎంత వంతు బయట ఉందో శాతంలో రాసుకోవాలి. వారం పది రోజుల సాధన తర్వాతే దీన్ని మనుషులతో మాటల్లోకి తీసుకెళ్ళాలి. ఇది ధ్యానం కాదు, మనసు ప్రశాంతం కానక్కర్లేదు. దడ ఉన్నా సరే, ధ్యాస బయట ఉంటే చాలు.

నాలుగో వారం నుంచి అసలు పని, బయట ప్రయోగాలు. సగం సిట్టింగులు గదిలో కాకుండా రోడ్డు మీద జరగాలి. ప్రతి ప్రయోగానికీ ఒక కాగితం, ముందే మూడు గడులు నింపాలి: ఏం చేయబోతున్నాను, ఏం జరుగుతుందని నా జోస్యం (నమ్మకం ఎంత శాతం), ఏ జాగ్రత్త వదిలేస్తున్నాను. తర్వాత రెండు: నిజంగా ఏం జరిగింది, దాన్నిబట్టి ఏం తేలింది. జోస్యం కంటికి కనిపించేదై ఉండాలి. "ఇబ్బందిగా ఉంటుంది" అంటే పనికిరాదు, అది ఎటూ నిజమవుతుంది. "షాపువాడు విసుక్కుంటాడు, పక్కవాళ్ళు ఇద్దరైనా తిరిగి చూసి నవ్వుతారు" అని రాస్తే పరీక్షించొచ్చు.

నెల్లూరు ట్రంకు రోడ్డులో చేయదగ్గవి కొన్ని. బట్టల షాపులో ఐదు చొక్కాలు తీయించి, వద్దని చెప్పి రావడం. టీ నోట్లో పోసుకుని "అన్నా, చక్కెర ఎక్కువైంది, ఇంకోటి ఇవ్వు" అనడం. ఆత్మకూరు బస్టాండులో చిల్లర కావాలని కింద పోసి తాపీగా ఏరుకోవడం. మొబైల్ షాపుకి ఫోన్ చేసి ఒక మోడల్ ఉందా అని అడిగి, మధ్యలో కావాలని ఐదు సెకన్లు ఆగిపోవడం. చెమట భయం ఉన్నవాళ్ళకు: చంకల్లో నీళ్ళు చల్లుకుని లేత నీలం చొక్కాతో కిరాణా కొట్టుకెళ్ళి రెండు నిమిషాలు బేరమాడటం. మొదటిసారి థెరపిస్టు ముందు తను చేసి చూపిస్తారు, కుర్రాడు దూరం నుంచి జనం ముఖాలు గమనించాలి. అది చేయడానికి సిగ్గుపడే థెరపిస్టు దగ్గర ఈ పని కాదు, ఆ మాట కాస్త కటువుగానే చెబుతున్నాను.

ఇక్కడ మీకు పనొకటి ఉంది. సర్వే. "మాట్లాడుతున్నప్పుడు ఎదుటి మనిషి చేయి వణికితే గమనిస్తారా? ఎందుకు వణికిందనుకుంటారు? దానివల్ల ఆ మనిషిని తక్కువగా చూస్తారా?" అని మూడు ప్రశ్నలు రాసి, మీ ఆఫీసులోనో స్నేహితుల్లోనో పదిమందికి వాట్సాప్‌లో పంపండి. ఎవరి కోసమో చెప్పొద్దు. జవాబులు విప్పకముందే పదిమందిలో ఎంతమంది తక్కువగా చూస్తామంటారో మీవాడితో ఊహించి రాయించండి. తర్వాత జవాబులు యథాతథంగా, ఒక్కటి కూడా దాచకుండా చూపించండి. ఒకరెవరో కటువుగా రాసినా సరే, అదీ ఉండనివ్వండి. పదిలో ఒకరు అట్టా అనుకుంటారు, అయినా బతుకు నడుస్తుంది అన్నది కూడా తెలియాల్సిందే.

కొందరికి మనసులోని ఆ బొమ్మ ఒక పాత రోజు దగ్గర గడ్డకట్టి ఉంటుంది. ఆరో తరగతిలో బోర్డు దగ్గర నిలబెట్టి క్లాసంతా నవ్విన రోజులాంటిది. అట్లాంటివి ఉంటే ఒకటి రెండు సిట్టింగులు దానికి కేటాయిస్తారు. ముందు ఆ వయసు పిల్లవాడిగా ఆ దృశ్యంలోకి వెళ్ళడం, రెండోసారి ఇప్పటి మనిషిగా ఆ గదిలోకి అడుగుపెట్టి పిల్లవాడి పక్షాన మాట్లాడటం, మూడోసారి మళ్ళీ పిల్లవాడిగా ఆ ఆసరాను అందుకోవడం. తెలిసినవాళ్ళే చేయాలి, ఇంట్లో ప్రయత్నించొద్దు.

ఎక్కడ చెడుతుంది? జాగ్రత్తలు వదలకుండా కేవలం జనంలోకి తోసేయడం దగ్గర. "పది ఫంక్షన్లకు తిప్పాం, ఏం మారలా" అని ఇళ్ళల్లో అనేది ఇందుకే. పది ఫంక్షన్లలోనూ ఫోన్ పట్టుకుని మూల కూర్చున్నాడు. బయటపడ్డాక "ఫోన్ ఉంది కాబట్టి గట్టెక్కాను" అనుకుంటాడు, భయం చెక్కుచెదరదు. క్లార్క్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో 62 మందిని తీసుకుని, ఈ కాగ్నిటివ్ థెరపీనీ, భయపడే సందర్భాలకు ఎదురుపడటం ప్లస్ రిలాక్సేషన్ పద్ధతినీ పోల్చి చూశారు. రెండూ 14 వారాలే. చివర్లో జబ్బు ఉందని చెప్పే కొలమానాల్లోంచి బయటపడినవాళ్ళు మొదటిదాంట్లో 84 శాతం, రెండోదాంట్లో 42 శాతం. ఏమీ చేయకుండా వరసలో ఎదురుచూసినవాళ్ళలో ఒక్కరూ లేరు. శ్వాస వ్యాయామం కూడా చాలామంది చేతుల్లో ఇంకో దొంగ జాగ్రత్త అవుతుంది, జనం మధ్యలో ఊపిరి లెక్కపెట్టుకునేవాడి ధ్యాస మళ్ళీ లోపలే కదా.

రెండోది ఇల్లు. అమ్మ వాడి బదులు సమాధానం చెబుతుంది, నాన్న వాడి బదులు బ్యాంకుకి వెళ్తాడు, మీరు వాడి బదులు ఫోన్ ఎత్తుతారు. ప్రేమతోనే. కానీ అవన్నీ వాడి జాగ్రత్తలకు మీరు చేసే కూలి. దీనికి పూర్తిగా ఎదురు తప్పు కూడా ఉంది: చుట్టాల ముందు "ఏరా, నోరు లేదా" అని నిలదీయడం, మాట్లాడిన వెంటనే "అబ్బో మాట్లాడాడే" అని చప్పట్లు కొట్టడం. రెండింట్లోనూ నలుగురి కళ్ళూ వాడి మీదికే తిరుగుతాయి.

మూడోది పోస్టుమార్టం. పెళ్ళి నుంచి వచ్చాక "బాగా మాట్లాడానా అక్కా?" అని అడిగితే "బ్రహ్మాండం" అని చెప్పకండి. "అది కాగితంలో రాసేశావుగా" అని వేరే మాటలోకి దిగండి. భరోసా ఇచ్చినకొద్దీ రేపటికి ఇంకా ఎక్కువ కావాలి.

ఇక మీరు అడిగిన అసలు మాట, బతుకు మారడం. దాన్ని విడిగా కొలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ హూకాల్-బ్రెఫ్ (WHOQOL-BREF) అని బతుకు తీరును కొలిచే 26 ప్రశ్నల పత్రం ఉంది. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది: శరీరం, మనసు, సంబంధాలు, పరిసరాలు అని నాలుగు భాగాలు. మొత్తం కలిపేయకుండా నాలుగు భాగాలూ విడిగా చూడాలి. మొదట్లో ఒకసారి, ఏడో వారంలో ఒకసారి, చివర్లో, మళ్ళీ ఆరు నెలలకు.

ఏడో వారానికి మనసు భాగం కదిలి, సంబంధాల భాగం కదలకపోతే కంగారు పడొద్దు. భయం తగ్గిన రోజునే స్నేహితులు ఊడిపడరు. పదేళ్ళు మనుషుల్ని తప్పించుకున్నవాడి ఫోన్‌లో పిలవడానికి నంబర్లే ఉండవు. రెజ్యూమేలో రెండేళ్ళ ఖాళీ ఉంటుంది. భయం తగ్గడం చేనులో కలుపు తీయడం లాంటిది, విత్తనం వేరే వేయాలి. అందుకే చివరి నాలుగు సిట్టింగులూ ఇంకా భయం తవ్వుతూ కూర్చోకుండా బతుకులో ఖాళీలు నింపడానికి వాడమని అడగండి. వారానికి నాలుగు లెక్కలు గోడ మీద క్యాలెండర్లో రాయమనండి: తనంతట తాను చేసిన ఫోన్లు ఎన్ని, ఇంట్లోవాళ్ళు కాని మనుషులతో గడిపిన నిమిషాలు ఎన్ని, తన అభిప్రాయమో అవసరమో నోరు తెరిచి చెప్పింది ఎన్నిసార్లు, ఉద్యోగం దిశగా వేసిన అడుగులు ఎన్ని. మొదటి వారం 0, 0, 1, 0 ఉన్నా ఫర్వాలేదు. మీవాడి విషయంలో నేనైతే స్కోరు 49 నుంచి 35కి దిగిందా అని చూసేముందు ఆ మొదటి సున్నా 3 అయిందా అని చూస్తాను.

మాటతీరు నేర్పే క్లాసులు, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సులు ఈలోపు వద్దు. ఇంట్లో మేనబావలతో గలగలా మాట్లాడేవాడికి మాట రాక కాదు, భయం అడ్డొచ్చి. ఆ కోర్సుల్లో నేర్పే "కళ్ళలోకి చూడు, చేతులు ఇట్టా పెట్టు" అన్నవన్నీ తననే గమనించుకోవడానికి కొత్త సాకులు.

మందుల గురించి. మీరంతట మీరు ఆపొద్దు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలైన్ లాంటివి ఈ జబ్బుకి సరైన మందులే. పనిచేసిందా లేదా అని తేల్చడానికి 12 వారాలు చూడాలి, పనిచేస్తే ఇంకో ఆరు నెలలు కొనసాగిస్తారు, ఆపేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు. మందూ థెరపీ కలిసి నడవొచ్చు, కానీ థెరపీ మధ్యలో డోసు మారుస్తుంటే ఏది దేనివల్ల మారిందో తెలియదు, ఇద్దరికీ చెప్పి మార్పించండి. ఆందోళనను అప్పటికప్పుడు తగ్గించే ఆల్ప్రజోలం, క్లోనజెపాం మాత్రలు జేబులో పెట్టుకుని ఫంక్షన్‌కి వెళ్ళడం మాత్రం అచ్చం దొంగ జాగ్రత్తే, పైగా అలవాటు పడతారు. స్టేజీ ఎక్కినప్పుడు మాత్రమే వణుకొచ్చేవాళ్ళకు ప్రొప్రనలాల్ అనే దడ తగ్గించే మాత్ర ఇస్తుంటారు. మీవాడిది అన్నిచోట్లా భయం కనుక అది సరిపోదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు.

బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శక సంస్థ నైస్ 2013లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్ళకు మొదటి చికిత్స ఒక్కొక్కరికి విడిగా చేసే ఈ రకం థెరపీయే. దాదాపు నాలుగు నెలల్లో 14 సిట్టింగుల దాకా, ఒక్కోటి 90 నిమిషాలు. మన దగ్గర 90 నిమిషాలు ఇచ్చేవాళ్ళు తక్కువ. 45 నిమిషాలే దొరికితే వీడియో సిట్టింగుకీ, బయట ప్రయోగాలకూ మాత్రం రెండు అపాయింట్‌మెంట్లు కలిపి తీసుకోండి. సగంలో ఆపితే చెడేవి ఆ రెండే.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంది, నిర్ధారణకూ మందులకూ అక్కడికి వెళ్ళొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ ఫోన్ మీవాడి చేతే చేయించగలిగితే అదే మొదటి ప్రయోగం. థెరపీకి క్లినికల్ సైకాలజిస్టు కావాలి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడగడం తప్పేం కాదు. ఇంకో మూడు ప్రశ్నలు కూడా: వీడియో తీసి చూపిస్తారా? గది బయటికి వచ్చి ప్రయోగాలు చేయిస్తారా? ప్రతి వారం స్కోరు వేస్తారా? మూడింటికీ "అవసరం లేదండీ, మాట్లాడితే చాలు" అంటే ఇంకొకరిని చూసుకోండి. కావలి నుంచి ప్రతి వారం 50 కిలోమీటర్లు రావడం కుదరకపోతే కొన్ని వీడియో కాల్లో నడపొచ్చు, అయితే కాల్లో తన ముఖం కనిపించే చిన్న కిటికీని మూసేయమనండి. దాన్నే చూసుకుంటూ కూర్చుంటే గంటసేపు అద్దం ముందు కూర్చున్నట్టే.

అపాయింట్‌మెంటు దొరికేలోపు మీరు చేయదగ్గది ఒకటుంది. కొరియర్ అబ్బాయి ఫోన్ చేస్తే ఎత్తేది మీరే అని రాశారు. వచ్చే వారం నుంచి ఆర్డర్లలో వాడి నంబరే ఇవ్వండి, ఆ సంగతి ముందుగా వాడికి చెప్పండి. మొదటి రెండు కాల్స్ ఎత్తకపోవచ్చు, పార్శిల్ వెనక్కి పోతుంది. పోనివ్వండి. ఖరీదైనవి ఆ వారం తెప్పించకండి, అంతే.